మా అమ్మాయి లేడీస్ సైకిల్ నేను తొక్కొచ్చా? నడుముకీ మోకాళ్లకీ ఇబ్బంది ఉండదా?

వేదాయపాలెం నాన్న

అందరికీ నమస్తే. మాది నెల్లూరు, వేదాయపాలెం. మా అమ్మాయి ఇంటర్ అయ్యేదాకా తొక్కిన లేడీస్ సైకిల్ ఒకటి ఇంట్లో ఉంది. తను ఇంజనీరింగ్‌లో చేరి హాస్టల్‌కి వెళ్లిపోయింది, సైకిలేమో మెట్ల కింద దుమ్ము పట్టిపోతోంది. బండి మాత్రం గట్టిగా ఉంది. రిమ్ములు తుప్పు పట్టలేదు, 26 ఇంచీల చక్రాలు, గేర్లు లేవు, వైరు బ్రేకులు, ముందు బుట్ట, వెనక క్యారియర్, గొలుసు మొత్తం కప్పేసే కవరు అన్నీ ఉన్నాయి.

నాకు ఈమధ్యే షుగర్ బయటపడింది. డాక్టర్ గారు మాత్రలు రాసి, రోజూ ఒంటికి కాస్త పని చెప్పమన్నారు. నేను ట్రంక్ రోడ్డు దగ్గర ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తాను, పొద్దున తొమ్మిదిన్నరకి వెళితే రాత్రి తొమ్మిదికి గానీ ఇల్లు చేరను. వాకింగ్‌కని విడిగా టైమ్ తీయడం కుదరదు కాబట్టి షాపుకే సైకిల్ మీద పోయి వద్దామని ఆలోచన. నాలుగు కిలోమీటర్ల లోపే.

నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 80 కిలోలు. మొన్న వీధిలో ఒక రౌండు కొట్టి చూశా. మోకాళ్లు పైకొచ్చి హ్యాండిల్‌కి తగిలేట్టు ఉన్నాయి, సీటు వెడల్పుగా ఉండి తొడల లోపల రాసుకుంటోంది, మలుపు తిప్పేటప్పుడు ఇరుగ్గా అనిపించింది. ఇది లేడీస్ సైకిల్ కాబట్టి ఇంతేనా, లేక ఏమన్నా సర్దుకుంటే బాగుంటుందా? 80 కిలోలు ఆ ఫ్రేమ్ మోస్తుందా? రోజూ తొక్కితే నడుం పట్టేస్తుందా?

మా బావమరిది "ఏంది బావా, ఆడపిల్లల సైకిల్ మీద షాపుకి పోతావా, ఇది అమ్మేసి మంచి జెంట్స్ సైకిల్ కొనుక్కో" అంటున్నాడు. కొనాలంటే కొంటాను, కానీ ఇంత బాగున్న బండిని పాత సామాన్లవాడికి వేయడానికి మనసొప్పడం లేదు. నిజంగా తొక్కినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

ఒంగోలు సైకిల్ షాపు

అన్నా, నిక్షేపంగా తొక్కొచ్చు. మా నాన్న కాలం నుంచి ఒంగోల్లో మాకు సైకిల్ షాపు ఉంది, మా దగ్గర రిపేరుకొచ్చే లేడీస్ సైకిళ్లలో మగవాళ్లు తొక్కుకుంటూ తెచ్చేవి తక్కువేం కాదు. లేడీసా జెంట్సా అన్నది పక్కన పెట్టి, ఆ బండి మీ ఎత్తుకు సరిపోతుందా లేదా అన్నదొక్కటే చూడండి. మీరు చెప్పిన మూడు ఇబ్బందులూ కొలత తేడా వల్ల వచ్చినవే.

ఆ బండిని అమ్మాయి ఎత్తుకు బిగించి ఇచ్చి ఉంటారు. 26 ఇంచీల లేడీస్ సైకిళ్లకి ఫ్రేమ్ మామూలుగా 18 ఇంచీల దగ్గర ఉంటుంది, మన పాతకాలం జెంట్స్ సైకిళ్లకేమో 22 గానీ 24 గానీ, చక్రాలు 28. అంటే ఫ్రేమే పొట్టి, దాని మీద సీటు కూడా కిందికి దించి ఉంది. మీరు ఎక్కి కూర్చుంటే మోకాళ్లు ఎక్కడికి పోతాయి చెప్పండి, హ్యాండిల్ దగ్గరికే వస్తాయి.

ముందు ఇది చేయండి. బండిని గోడ పక్కన నిలబెట్టి, ఒక చెయ్యి గోడకి ఆనించి సీటెక్కండి. కాళ్లకి రోజూ షాపుకి వేసుకునేవే ఉండాలి. ఒక పెడల్‌ని పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. నడుం పక్కకి వాలకుండా కాలు నిటారుగా రావాలి. అలా వస్తే సీటు ఎత్తు సరిపోయినట్టే. తొక్కేటప్పుడు మడమ బదులు ముందుపాదం పెడతాం కాబట్టి మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, కావలసింది ఆ కొద్దిపాటి వంపే. మీకు ఇప్పుడు మోకాలు చాలా వంగిపోయి ఉంటుంది. అలాగే రోజూ తొక్కితే మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి మొదలవుతుంది, తరవాత సైకిల్ పడలేదంటారు.

సీటు కింద గొట్టాన్ని మేము సీట్ పిల్లర్ అంటాం. దాని బోల్టు వదులు చేసి పైకి లాగండి. ఏళ్ల తరబడి కదపని బండి అయితే పట్టేసి ఉంటుంది. సుత్తి పెట్టి బాదకండి, గొట్టం మూతి వంకరపోతే ఫ్రేమే పాడవుతుంది. నాలుగు చుక్కలు కిరోసిన్ గానీ మిషన్ నూనె గానీ అంచు చుట్టూ వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున సీటుని రెండు చేతులతో పట్టుకుని కుడికీ ఎడమకీ తిప్పుతూ లాగితే కిర్రుమంటూ వస్తుంది. బయటికి తీసి, తుప్పంతా గుడ్డతో తుడిచి, కాస్త గ్రీజు రాసి మళ్లీ పెట్టండి. పిల్లర్ మీద ఒక గీత ఉంటుంది చూడండి, ఆ గీత బయటికి కనిపించేంతగా ఎప్పుడూ లాగకూడదు. గీత చెరిగిపోయి ఉంటే కనీసం మూడు అంగుళాలు లోపల ఉండేట్టు చూసుకోండి. 80 కిలోల మనిషి కింద అంచుకి లాగిన పిల్లర్ గోతిలో పడ్డప్పుడు వంగిపోతుంది, ఒక్కోసారి ఫ్రేమ్ గొట్టమే చీలుతుంది.

మీ ఎత్తుకి పాత పిల్లర్ చాలకపోవచ్చు. పొడవుది విడిగా దొరుకుతుంది, ఖర్చు పెద్దదేం కాదు. కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకుని వెళ్లండి, లావులో ఒక్క మిల్లీమీటరు ఎక్కువైనా దూరదు, తక్కువైతే ఎంత బిగించినా సీటు తిరిగిపోతూ ఉంటుంది.

సీటు లేపాక హ్యాండిల్ కూడా లేపాలి, లేకపోతే ముందుకు వంగిపోయి అరచేతులు తిమ్మిరెక్కుతాయి. హ్యాండిల్ నిలువు గొట్టం నెత్తి మీద ఒక పొడుగు బోల్టు ఉంటుంది. దాన్ని మూడు నాలుగు చుట్లు వదులు చేసి, పైన ఒక చెక్క ముక్క పెట్టి దాని మీద కొట్టండి. లోపల పట్టుకుని ఉన్న దిమ్మ ఊడి కిందికి జారుతుంది, అప్పుడు హ్యాండిల్ పైకొస్తుంది. దానికీ గీత ఉంటుంది, అదే నియమం. మీది వైరు బ్రేకు కాబట్టి సులువు. రాడ్ బ్రేకు బండి అయితే రాడ్లన్నీ మళ్లీ సర్దాలి, అది షాపు పని.

ఫ్రేమ్ గురించి భయపడొద్దు, ఒక పెద్దమనిషిని మోయడానికి ఏ ఢోకా లేదు. చూసుకోవాల్సింది వెనక చక్రం పుల్లలు, టైర్ల గాలి. అమ్మాయి బరువుకి సరిపోయిన గాలి మీకు చాలదు. ఎంత కొట్టాలో టైరు పక్కన అచ్చుపోసి ఉంటుంది, దాని పై అంకె దగ్గరికి కొట్టించండి. గాలి తక్కువైతే నాలుగు కిలోమీటర్లు పదిలాగా అనిపిస్తుంది, ట్యూబు కూడా రిమ్ముకి నొక్కుకుని పంచరవుతుంది.

కావలి మాస్టారు

బాబూ, నేను రిటైరైన టీచర్ని, మాది కావలి. మా ఆవిడ కోసం కొన్న లేడీస్ సైకిల్ ఇప్పుడు ఇద్దరం తొక్కుతున్నాం, అసలు చెప్పాలంటే నేనే ఎక్కువ తొక్కుతున్నాను. పాలకీ కూరగాయలకీ దాని మీదే. నా జెంట్స్ సైకిల్ ఉంది గానీ దాని జోలికి పోవడం తగ్గిపోయింది, ఎందుకంటే వయసు మీద పడ్డాక సీటు నుంచి హ్యాండిల్ దాకా అడ్డంగా ఉండే ఆ బారు మీదుగా కాలు వెనక్కి విసిరి ఎక్కడం కష్టం. వెనక క్యారియర్ మీద సంచి కట్టి ఉంటే ఇంకా కష్టం, కాలు సంచికి తగిలి బండితో సహా పక్కకి పడతాం. ఈ బండికి ముందు ఖాళీ ఉంది కాబట్టి అడుగు లోపల పెట్టి కూర్చోవడమే.

ఆ బారు ఎందుకు తీసేశారో మీ బావమరిదికి చెప్పండి. ఇప్పుడు మనం చూసే రకం సైకిల్, రెండు చక్రాలూ సమానంగా ఉండి గొలుసుతో వెనక చక్రం తిరిగేది, 1885లో ఇంగ్లండ్‌లో కోవెంట్రీ అనే ఊళ్లో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్‌తో నిలదొక్కుకుంది. ఆ తరవాత కొన్నేళ్లకే ఆడవాళ్ల కోసమని బారు కిందికి దించిన బళ్లు వచ్చాయి. కారణం వాళ్లు వేసుకునే పొడవాటి గౌన్లు. గౌను బారుకి అడ్డం పడకుండా బారు దించారు, గొలుసులో చిక్కకుండా కవరు పెట్టారు, వెనక చక్రంలో దూరకుండా వల కట్టారు. అన్నీ బట్ట కోసం చేసిన ఏర్పాట్లే, ఒంటి తీరు కోసం కాదు. మరి ప్యాంటు వేసుకున్న మనిషికి బారు ఉన్నా లేకున్నా ఒకటే, పంచె కట్టుకునే నాలాంటి వాడికైతే బారు లేకపోవడమే మేలు. లుంగీలో జెంట్స్ సైకిల్ ఎక్కినవాళ్లని అడగండి, చెబుతారు. ఆ ఫుల్ చైన్ కవరు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో తీయించకండి. పంచె అంచు గొలుసులో పడితే ఆ గ్రీజు మరక జన్మలో పోదు.

ఇంకొకటి. మన వైపు రైతులు టీవీఎస్ ఫిఫ్టీ, ఎక్సెల్ బళ్ల మీద వడ్ల బస్తా కాళ్ల మధ్య పెట్టుకుని, వెనక ఇంకోటి కట్టుకుని వెళ్తుంటారు. ఆ ఫిఫ్టీ 1980లో వచ్చింది. దానికీ ముందు ఖాళీయే, కాలు విసరకుండా ఎక్కే బండే. దాన్ని ఆడవాళ్ల బండి అన్న మనిషిని నేను చూడలేదు. స్కూటర్లూ అంతే. సైకిల్ దగ్గరికొచ్చేసరికే ఈ బారు మగతనానికి గుర్తు ఎందుకైందో నాకు అర్థం కాదు. పారిస్ నగరంలో 2007లో వెలిబ్ అని అద్దె సైకిళ్లు పెట్టారు, ఊరు మొత్తానికి ఒకటే రకం, బారు లేనిదే. సూటు వేసుకున్న ఆఫీసరూ అదే తొక్కుతాడు, కాలేజీ పిల్లా అదే తొక్కుతుంది. నెదర్లాండ్స్‌లో కూడా నిటారుగా కూర్చుని తొక్కే ఈ రకం బళ్ల మీద మగవాళ్లు మామూలుగా తిరుగుతారు.

మీరు షాపుకి వెళ్లేది ఇస్త్రీ ప్యాంటు చొక్కాతో కదా, మీకు ఇదే అనువైనది. నిటారుగా కూర్చుంటారు, చొక్కా నలగదు.

బుచ్చి రైతు

పైన ఇద్దరూ మంచి మాటే చెప్పారు గానీ నేను పూర్తిగా ఒప్పుకోను. లేడీస్ సైకిల్‌కీ జెంట్స్ సైకిల్‌కీ తేడా బట్ట ఒక్కటే కాదు, బలం కూడా.

మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. నేను రెండూ వాడాను. జెంట్స్ సైకిల్ ఫ్రేమ్ మొత్తం మూడు మూలల లెక్కలో ఉంటుంది. పై బారు, కింద ఏటవాలు గొట్టం, సీటు కింద గొట్టం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి ఎటు లాగినా కదలవు. పై బారు తీసేస్తే ఆ పట్టు పోతుంది. అడ్డపట్టీ ఊడిన మంచం ఎలా ఊగుతుందో వెనక బరువు వేస్తే ఆ ఫ్రేమ్ అలా మెలికపడుతుంది. కంపెనీవాళ్లు గొట్టం లావు పెంచి, కొన్నిటికి జంట గొట్టాలు వేసి సరిచేస్తారు, దాంతో బండి బరువెక్కుతుంది, అయినా పూర్తిగా ఆ గట్టిదనం రాదు.

మీరు ఒక్కరే కూర్చుని తొక్కితే అది తెలియదు. రెండు వైపులా పాల క్యాన్లు కట్టినా, పశువుల దాణా బస్తా క్యారియర్ మీద వేసినా అప్పుడు తెలుస్తుంది. ముందు చక్రం ఒకవైపు, వెనక చక్రం ఒకవైపు పోతున్నట్టు ఉంటుంది, గోతుల్లో హ్యాండిల్ ఊగులాడుతుంది. నేను లేడీస్ సైకిల్ మీద దాణా తేవడం మానుకుని మా నాయన పాత 24 ఇంచీల బండే బాగుచేయించుకున్నాను. ఎంత బరువు వేసినా అది నిలబడింది.

ఇంకో సంగతి దూరం. నిటారుగా కూర్చునే బండిలో ఒంటి బరువంతా పిర్రల మీదే పడుతుంది, చేతుల మీద పడదు. పక్క ఊరికి పోయి రావడానికి హాయిగా ఉంటుంది గానీ నెల్లూరు నుంచి మైపాడు బీచికి పోయి వద్దాం అనుకుంటే వెన్ను కింద పోటు మొదలవుతుంది. గాలి కూడా అంతే. ఎండాకాలం కోవూరు నుంచి పెన్నా వంతెన మీదుగా వచ్చేటప్పుడు గాలి తగులుకుంటే, నిటారుగా కూర్చున్నవాడి రొమ్ముకే మొత్తం కొడుతుంది. గేర్లు లేవు కాబట్టి లేచి నిలబడి తొక్కాలి, లేచి తొక్కితే ఆ ఫ్రేమ్ మళ్లీ ఊగుతుంది.

కాబట్టి అన్నా, నాలుగు కిలోమీటర్లు, ఒక్క మనిషి, లంచ్ బాక్సు అయితే మీ అమ్మాయి సైకిలే తొక్కండి, కొత్తది కొనక్కర్లేదు. రేపు ఆదివారాలు దూరాలు పోదామనీ, షాపు నుంచి బట్టల మూటలు తెద్దామనీ ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడే జెంట్స్ సైకిల్ చూసుకోండి. పాతదైనా పర్వాలేదు.

ఒంగోలు సైకిల్ షాపు

బుచ్చి అన్న చెప్పింది కరెక్ట్. బరువు మోయడానికి నేనూ లేడీస్ సైకిల్ ఇవ్వను. క్యారియర్ మీద మనిషిని కూర్చోబెట్టుకుని పోవడం కూడా వద్దు. దూరం విషయంలో మాత్రం ఒక మాట. కొత్తపట్నం సముద్రం దాకా లేడీస్ సైకిళ్ల మీద పోయొచ్చే మగవాళ్లు మా దగ్గర ఉన్నారు. సీటు ఎత్తు కుదిరితే ఆ మాత్రం దూరం కష్టం కాదు.

మూలాపేట అక్క

అన్నయ్యా, సీటు సంగతి పైన వాళ్లు చెప్పేశారు. మీ బావమరిది మాట గురించి నేను చెప్తాను.

మా చిన్నప్పుడు ఇంట్లో ఉన్నది ఒకటే సైకిల్, మా నాన్నది. బారు ఉన్నదే. సీటు అందక బారు కింద నుంచి కాలు దూర్చి, ఒళ్లంతా పక్కకి వంచి తొక్కుతూ నేర్చుకున్నాం నేనూ మా చెల్లీ. మోచేతులు కొట్టుకుపోయేవి. ఆ బండి మీకు సౌకర్యంగా ఉందా అని మమ్మల్ని ఎవరూ అడగలేదు, ఇది మగవాళ్ల సైకిల్ మీరెందుకు తొక్కుతున్నారు అని మాత్రం అడిగినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు అదే మాట తిరిగి మీ దగ్గరికొచ్చింది. అప్పుడు మేము వినలేదు, మీరూ వినకండి.

తమిళనాడులో పుదుక్కోట్టై అని ఉంది కదా, 1990ల మొదట్లో అక్కడ కలెక్టర్‌గా ఉన్న షీలా రాణి చుంకత్ గారు అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా ఆడవాళ్లకి సైకిల్ నేర్పించారు. పొలం కూలీలు, క్వారీ పనివాళ్లు, నర్సులు, ఎంతోమంది నేర్చుకున్నారు. అక్కడ లేడీస్ సైకిళ్లు సరిపడా దొరక్క చాలామంది జెంట్స్ సైకిళ్లే తొక్కారు. బారు మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని వాటినే ఇష్టపడ్డవాళ్లు కూడా ఉన్నారు. అవే రోజుల్లో మన జిల్లాలో కూడా రాత్రి బడులు జోరుగా నడిచాయి, 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డది ఆ చదువుల్లోంచే. చీర కట్టుకున్న ఆవిడ బారున్న సైకిల్ తొక్కి పనికి పోగలిగినప్పుడు, ప్యాంటు వేసుకున్న మీరు బారు లేని సైకిల్ తొక్కడానికి ఏం అడ్డం?

పల్లెల సంగతి చూడండి. బడికొస్తా పథకం ఉన్న రోజుల్లో హైస్కూలు ఆడపిల్లలకి ప్రభుత్వం ఇచ్చిన సైకిళ్ల మీద పొద్దున పిల్ల బడికి పోతే, సాయంత్రం వాళ్ల నాన్న పొలానికి పోయేవాడు. ఏ ఊళ్లోనూ దాన్ని వింతగా చూడలేదు. ఈ పట్టింపంతా టౌన్లోనే.

ఒక్కటి మాత్రం చేయండి. సీటు లేపే ముందు మీ అమ్మాయికి ఫోన్ చేసి అడగండి. అది తన సైకిల్. సెలవలకి వచ్చినప్పుడు తొక్కాలనుకుంటుందేమో, పొడవు పిల్లర్ వేయిస్తే తనకి సీటు అందకపోవచ్చు. పాత పిల్లర్ పారేయకుండా దాచిపెట్టండి.

వేదాయపాలెం నాన్న

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. అక్కా, అమ్మాయికి ఫోన్ చేశాను, తొక్కు నాన్నా, సెలవలకి నేను స్కూటీ వాడుకుంటాలే అంది.

ఒంగోలు అన్న చెప్పినట్టు నూనె వేసి రాత్రంతా ఉంచితే పొద్దున పిల్లర్ వచ్చేసింది. గీత దాకా లేపాను. మడమ పరీక్షలో కాలు ఇంకా పూర్తిగా నిటారు కాలేదు, కొంచెం వంపు ఉంది, కాబట్టి పొడవుది తేవాల్సిందే. అయినా ఇప్పుడే చాలా తేడా తెలుస్తోంది, మోకాళ్లు హ్యాండిల్‌కి తగలడం పోయింది, మలుపుల్లో కూడా ఇబ్బంది లేదు. హ్యాండిల్ కూడా చెక్క ముక్కతో కొట్టి ఒక అంగుళంన్నర లేపాను. బరువులు మోసే పని నాకు లేదు, లంచ్ బాక్సూ నీళ్ల సీసా బుట్టలో సరిపోతాయి.

రెండు సందేహాలు మిగిలాయి. తొడల రాపిడి కొంచెం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. సీటు మార్చాలా? ఇంకోటి, షుగర్ ఉన్నవాళ్లు సైకిల్ తొక్కేటప్పుడు జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా?

దర్గామిట్ట ఫిజియో

సార్, రెండో దానికి నేను చెబుతాను. సైకిల్ మీకు మంచి ఎంపిక. ఒంటి బరువు సీటు మీద ఉంటుంది కాబట్టి నడక కన్నా మోకాళ్ల మీద భారం తక్కువ. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మీరు షాపుకి పోయి రావడంలోనే అందులో చాలా భాగం వచ్చేస్తుంది, దానికోసం విడిగా టైమ్ తీయక్కర్లేదు. వేగం ఎంతుండాలి అంటే, పక్కవాడితో మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి.

జాగ్రత్తలు అంటే ముందు పాదాలు. చెప్పులతో తొక్కొద్దు, వేళ్లు కప్పే బూట్లు వేసుకోండి. షుగర్ ఉన్నవాళ్లకి చిన్న గీరుడు కూడా ఆలస్యంగా మానుతుంది, కొందరికి దెబ్బ తగిలిన సంగతే తెలియదు. ఇల్లు చేరాక ఒకసారి పాదాలు చూసుకోండి. మాత్రలు వేసుకుని ఏమీ తినకుండా బయల్దేరొద్దు, టిఫిన్ చేసే వెళ్లండి. కొన్ని రకాల మాత్రలకి, ఇన్సులిన్‌కి, వ్యాయామం తోడైతే షుగర్ మరీ పడిపోయే అవకాశం ఉంది. మీరు వేసుకునేవి అలాంటివో కాదో మీ డాక్టర్ గారినే అడగండి. జేబులో గ్లూకోజ్ బిళ్లలో, నాలుగు చాక్లెట్లో ఉంచుకోండి. చేతులు వణికినా, ఉన్నట్టుండి చెమటలు పట్టినా బండి ఆపి అవి నోట్లో వేసుకోండి. ఇంటికెళ్లి తిందాంలే అని తొక్కుకుంటూ పోవద్దు.

సీటు విషయంలో ఒక మాట. తొడల మధ్య, మర్మాంగం దగ్గర తిమ్మిరిగా అనిపిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. సీటు ముక్కు పైకి లేచి ఉంటే అక్కడ నరాలు నొక్కుకుంటాయి. సీటు నేలకి సమంగా ఉండాలి. తాపీవాళ్ల మట్టం పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

నడుం నొప్పి గురించి అడిగారు కదా. నిటారుగా కూర్చుని తొక్కే బండిలో నడుం వంచే పనే తక్కువ, అయితే గోతుల కుదుపు నేరుగా వెన్నుకే వస్తుంది. గోయి కనిపించినప్పుడు పెడల్స్ రెండూ సమానంగా పెట్టి పిర్రలు కొద్దిగా లేపండి చాలు. మన రోడ్లకి ఇది అలవాటు చేసుకోక తప్పదు.

ఒంగోలు సైకిల్ షాపు

సీటు సంగతి అన్నా. లేడీస్ సీటు వెనక వెడల్పు ఎక్కువ, ముందు ముక్కు పొట్టి. ఆడవాళ్లకి కూర్చునే ఎముకల మధ్య దూరం సగటున కాస్త ఎక్కువని అలా చేస్తారు. మెల్లగా, నిటారుగా తొక్కే మగవాళ్లకి కూడా వెడల్పు సీటే హాయి, అందుకే నేను వెంటనే మార్చమని చెప్పను. పొడవు పిల్లర్ వేశాక, సీటు కింద రెండు వైపులా ఉన్న నట్లు వదులు చేసి సీటుని ఒక అంగుళం వెనక్కి జరిపి చూడండి. రాపిడి ముప్పాతిక భాగం పోతుంది. అప్పటికీ ఉంటే స్ప్రింగులున్న జెంట్స్ సీటు, ముక్కు కొంచెం పొడవుగా ఉండేది వేయించుకోండి, బిగింపు ఒకటే కాబట్టి మీ బండికి పడుతుంది. ఇంత మందాన స్పాంజి ఉన్న జెల్ కవరు మాత్రం కొనొద్దు, కూర్చోగానే మెత్తగా ఉంటుంది, కిలోమీటరు పోయేసరికి పక్కలకి జారి ఇంకా రాస్తుంది.

చివరిగా బ్రేకులు. అమ్మాయి బరువుకి ఆగిన బండి మీ బరువుకి ఆగాలంటే బ్రేకు రబ్బర్లు కొత్తవి ఉండాలి. ఇన్నాళ్లు మెట్ల కింద ఉంది కాబట్టి రబ్బరు రాయిలా గట్టిపడి ఉంటుంది, గోరుతో నొక్కితే దిగకపోతే నాలుగూ మార్చేయండి. నెల్లూర్లో రైల్వే అండర్ బ్రిడ్జిల్లోకి దిగేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి పట్టాలి, ముందుది ఒక్కటే పట్టకండి. వాన పడి అక్కడ నీళ్లు నిలిచి ఉంటే దిగి నడిపించుకుంటూ పోండి, లేదా చుట్టూ తిరిగి పోండి. నీళ్లలో పెడల్ దగ్గరి గోళీల్లోకి బురద పోతే ఆ గ్రీజంతా కడిగి మళ్లీ వేయాలి.

వారం తొక్కాక పిల్లర్ బోల్టు, హ్యాండిల్ బోల్టు, సీటు నట్లు ఇంకోసారి బిగించుకోండి. కొత్తగా కదిపినవి మొదట్లో కాస్త వదులవుతాయి.